కూపర్స్‌టౌన్ లెక్కలు

కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ మ్యూజియం చూడాలని మావాడి పట్టు. వేసవిలో ఆ చిన్న ఊళ్లో గదుల అద్దెలు చూసి గుండె గుభేలుమంది. ఊరికి దూరంగా మోటల్, ఒక్క రాత్రి, పులిహోర డబ్బాలు. లెక్కంతా నాదే. కారు నడిపితే చాలు, ప్రయాణం మా ఆయన చేయించినట్టే! ఫెనిమోర్ కూపర్ పెరిగిన ఊరని, సాహిత్యం చదివిన నాకూ ఓ వంక దొరికింది.

"అక్కడ ఆడవాళ్లుంటారా అమ్మా?" అంది పాప.

వెతికాను. హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కిన 300 మందికి పైగా ఉన్నవాళ్లలో ఒకే ఒక్క స్త్రీ, ఎఫా మాన్లీ. అదీ 2006లో, ఆమె పోయిన పాతికేళ్లకి. నల్లజాతి ఆటగాళ్ల జట్టు నెవార్క్ ఈగల్స్‌ని భర్తతో కలిసి నడిపింది. జీతాలు, ప్రయాణాలు, పద్దులు ఆమే చూసేది.

పులిహోర ఖర్చు రాస్తున్న కాగితం మీదే ఆమె పేరు రాసుకున్నాను. పాపకి ఆ ఫలకం తీరిగ్గా చూపించాలి. రెండో రాత్రి గదికి డబ్బు ఎక్కడ మిగల్చాలో చూస్తున్నాను.