నోరులేని దాహం

వేసవి సెలవులంటే మా హాస్టల్ మిత్రులకి మామిడిపళ్ళూ, మేనమామల ఇళ్ళూ, మధ్యాహ్నం నిద్రలూ గుర్తొస్తాయి. నాకు మాత్రం గుర్రం చెమట వాసన గుర్తొస్తుంది. నవ్వకండి! మా తాతయ్య తెనాలిలో జట్కా తోలేవారు. ఆటోలు వచ్చి జట్కాలని మింగేశాక, ఆ విద్యని వదులుకోలేక మా పెదనాన్న పెళ్ళి ఊరేగింపుల కోసం ఒక తెల్లగుర్రాన్ని సాకుతున్నారు. దాని పేరు రాణి. పేరుకే రాణి గాని, బతుకు మాత్రం కూలిమనిషిదే.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు" అని సామెత. ఆ సామెత పుట్టించినవాళ్ళు మే నెలలో గుర్రాన్ని సాకి ఉండరని నా అనుమానం. ఎండాకాలంలో గుర్రం అడిగేది దాణా కాదు, నీళ్ళు. మామూలు రోజుల్లోనే ఎదిగిన గుర్రం 25, 30 లీటర్లు తాగుతుంది. ఎండలు ముదిరితే రెట్టింపు తాగినా ఆశ్చర్యం లేదు.

కుక్క నాలుక చాపి ఒగురుస్తుంది. గేదె బురదగుంటలో దిగుతుంది. గుర్రం మాత్రం మనలాగే ఒళ్ళంతా చెమటపట్టి చల్లబడుతుంది. ఆ చెమటలో సబ్బులాంటి గుణమున్న ఒక ప్రొటీన్ ఉంటుంది. జీను రాసుకునే చోట తెల్లటి నురగ కట్టేది అందుకే. ఎండలో గట్టిగా పనిచేస్తే గంటకి 10 లీటర్ల దాకా చెమట పోతుంది. దాంతోపాటు ఒంట్లో ఉప్పూ పోతుంది. అందుకని పెదనాన్న రోజూ రాణి దాణాలో ఉప్పు కలుపుతారు. ఇంతా చేసి, మన కోస్తా ఉక్కపోతలో ఆ చెమట ఒకపట్టాన ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. రెంటచింతల ఎండ పేపర్లో పెద్ద అంకెగా కనిపించవచ్చుగాక, గుర్రానికి మా ఊరి ఉక్క కూడా తక్కువదేమీ కాదు.

పెదనాన్న తెల్లవారుజామున 4 గంటలకే లేస్తారు. ఖరారాతో రాణి ఒళ్ళు తోమి, లాడాలు చూసి, ఉలవ గుగ్గిళ్ళు పెట్టి, ఎండ ఎక్కకముందే నడిపించి తీసుకొస్తారు. ఆ తర్వాత వేపచెట్టు కింద తాటాకు పాకలో కట్టేస్తారు. నాలుగు వైపులా గోడలుంటే నీడ ఉంటుంది గాని గాలి ఉండదని, పాకని రెండు వైపులా తెరిచే ఉంచారు. గోళెం కూడా నీడలోనే. వేడెక్కిన నీళ్ళని గుర్రం మూతి పెట్టి వదిలేస్తుంది.

కాలేజీలో నేను చదివిన చదువు ఒక ఎత్తు, ఆ పాకలో పెదనాన్న చెప్పిన చదువు ఒక ఎత్తు. "ముందు డొక్కలు చూడరా," అంటారు. ఊరికే నిలబడ్డ గుర్రం నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. మడతలా నిలబడిపోతే ఒంట్లో నీళ్ళు తగ్గాయన్న మాట. చిగురు మీద వేలితో నొక్కితే తెల్లబడి, 2 సెకన్లలో మళ్ళీ రంగు రావాలి. అన్నిటికంటే భయపడాల్సింది, ఎండలో పనిచేస్తున్న గుర్రానికి చెమట ఆగిపోవడం. తెలియనివాళ్ళు "చెమటైనా పట్టలేదు, గట్టి గుర్రం!" అని మెచ్చుకుంటారు. అది గట్టితనం కాదు, ప్రాణం మీదికొచ్చిన సూచన.

చెమటపట్టిన గుర్రానికి నీళ్ళు తాగించకూడదనీ, ఒంటిమీద చన్నీళ్ళు పోయకూడదనీ జట్కావాళ్ళలో ఒక పాత నమ్మకం. తాతయ్యదీ అదే మాట. కాని 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ముందు, అక్కడి ఎండలో పోటీగుర్రాలని ఎలా కాపాడాలా అని శాస్త్రజ్ఞులు చాలా పరీక్షలు చేశారు. ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తే కీడు జరగదనీ, ఒంటివేడి త్వరగా దిగుతుందనీ తేలింది. పశువుల డాక్టరుగారు ఈ సంగతి విడమరిచి చెప్పాక, పెదనాన్న పాత నమ్మకాన్ని పక్కన పెట్టేశారు.

అది ఎంత మంచిపని అయిందో 2023 మే నెలలో చూశాను. ఒక పెళ్ళివారు మధ్యాహ్నం ఒంటిగంటకే ఊరేగింపు అన్నారు. ఎండ దిగాక వస్తామని పెదనాన్న ఎంత చెప్పినా వినలేదు. వాళ్ళకి వీడియోలో వెలుతురు బాగుండాలట! ఇంట్లో అప్పులు... కాదనలేకపోయారు. కింద తారురోడ్డు, ముందు బ్యాండు, పక్కన టపాకాయలు. రెండు వీధులు దాటేసరికి రాణి డొక్కలు కొలిమితిత్తుల్లా ఆడుతున్నాయి. మెడ మీద చెమట ఆరిపోయింది. పెదనాన్న కళ్ళెం పట్టుకుని ఆపేశారు.

"బాబూ, దిగండి."

పెద్ద గోల అయింది. "డబ్బు తీసుకోలేదా?" అని ఒకాయన మీదికొచ్చాడు. పెదనాన్న జేబులోంచి అడ్వాన్సు తీసి ఆయన చేతిలో పెట్టారు. "డబ్బు మీది, తీసుకోండి. ప్రాణం దానిది," అన్నారు. పెళ్ళికొడుకు కారెక్కాడు. ఎదురింటి ఇల్లాలు ఎవరో, అడక్కుండానే కుళాయి తిప్పి బిందెలు అందించింది. అరగంటపాటు పోస్తూనే ఉన్నాం. చివరికి రాణి తల విదిలించి, బిందెలో మూతి పెట్టింది. ఆ నెల ఇంటి ఖర్చుకి పెద్దమ్మ ఎక్కడ తెచ్చిందో నాకు తెలీదు. ఆవిడ మాత్రం పెదనాన్నని ఒక్క మాట అనలేదు.

మన దేశంలో 1965 నాటి నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా జంతువులచేత బండి లాగించకూడదు, బరువు మోయించకూడదు. పెళ్ళికొడుకు బరువు కాడా? మే నెలలో 37 దాటని మధ్యాహ్నాలు మనకెన్ని? అయితే ఆ మూడు గంటల కూలి ఎవరిస్తారో నిబంధనలో లేదు. గుర్రంవాడు పని మానుకుంటే ఆ పూట పొయ్యి వెలగదు, మానకపోతే గుర్రం పడిపోతుంది. ఈ రెంటి మధ్యా వాణ్ణి నిలబెట్టేది, వేళగాని వేళ గుర్రాన్ని పిలిచే మనమే.

మిత్రులారా! మనలో చాలామంది నాలుగైదేళ్ళలో పెళ్ళిపీటలెక్కుతాం. గుర్రమెక్కాలని సరదా పుడితే తప్పకుండా ఎక్కండి, దీపాలు పెట్టాక ఎక్కండి. ఎక్కేముందు మాత్రం "దీనికి నీళ్ళు పెట్టారా?" అని అడగండి.