కండెల లెక్క

పనిమీద మనసు నిలవడం లేదని మా విద్యార్థులు తరచుగా నాతో చెప్పుకుంటారు. పరీక్ష దగ్గరపడితే చదువుతాం, బహుమతి ఉందంటే పరుగెత్తుతాం, ఆ తరువాత పుస్తకం ముట్టబుద్ధి కాదు అంటారు. వారిని మందలించే అర్హత నాకు లేదు. పదకొండేళ్ల ప్రాయంలో నేనూ అంతే.

మాది నల్లగొండ ప్రాంతపు చేనేత కుటుంబం. మా నాయన నేసేది చిటికి చీర. ఆ చీరలో బొమ్మను బట్టమీద అద్దరు. నేతకు ముందే దారానికి ముడులు కట్టి, రంగులో ముంచి, బొమ్మను దారంలోనే దాచిపెడతారు. ముడులు వేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ వరుసగా తిప్పాలి. దానినే ఆసు పోయడమంటారు. ఆ పని మా అమ్మది. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పాటు ఆమె కుడిచేయి గాలిలో తిరుగుతూనే ఉండేది. మాకది రోజూ కనిపించే దృశ్యం కనుక ఎవరమూ చూసేవాళ్లం కాదు.

రంగు ఆరిన దారాన్ని రాట్నం మీద కండెలుగా చుట్టడం పిల్లల పని. ఆ రాట్నపు చప్పుడు నాకెంతో ఇష్టంగా ఉండేది. ఎవరూ పిలవకుండానే వెళ్లి కూర్చునేవాడిని. నా ఉత్సాహానికి ముచ్చటపడి, 1978 వేసవిలో మా నాయన పది కండెలకు పావలా చొప్పున ఇస్తానన్నాడు. ఆనాటి నుండి నా చెవికి రాట్నం చప్పుడు వినిపించడం మానేసింది; పావలాల చప్పుడే వినిపించసాగింది. ఎన్ని కండెలు అయ్యాయన్నదే ధ్యాస.

పేక దారంలో బొమ్మ ఉన్నప్పుడు కండెల వరుస తప్పకూడదు. ముందుది ముందు, వెనుకది వెనుక నాడెలోకి ఎక్కాలి. తొందరలో నేను వాటిని కలిపేశాను. మగ్గం మీద ఏనుగు రూపుదిద్దుకుంటుండగా తొండం ఉండవలసిన చోట కాలు వచ్చింది. మా నాయన రెండు రోజులు కూర్చుని పోగు పోగూ విప్పాడు. అయినా మచ్చ మిగిలింది. షావుకారు ఆ చీరకు కూలి తగ్గించాడు.

"నేను లెక్క తప్పలేదు నాయినా, నలభై కండెలు పూర్తిగా ఉన్నయి" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"లెక్క తప్పలేదు బిడ్డా, వరుస తప్పింది" అన్నాడాయన. అంతకుమించి ఒక్కమాట అనలేదు. పావలాలు మాత్రం ఆగిపోయాయి. నేను రాట్నం వైపు పోవడమూ ఆగిపోయింది. ఒకనాడు ఊరకే ఇష్టపడి చేసిన పనే, డబ్బు లేదనేసరికి వెట్టిచాకిరీలా తోచింది. ఈ వింత నాకు చాలాకాలం అంతుచిక్కలేదు.

తరువాత ఎప్పుడో మనస్తత్వశాస్త్ర గ్రంథంలో ఒక ప్రయోగం గురించి చదివాను. అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు 1973లో దానిని ప్రకటించారు. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పసిపిల్లలలో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొన్నాళ్ల తరువాత చూస్తే, మిగిలిన పిల్లలతో పోల్చినప్పుడు వీరు బొమ్మలపై గడిపిన సమయం దాదాపు సగానికి పడిపోయింది. ముందుగా చెప్పకుండా బహుమతి పొందినవారిలో అటువంటి తరుగుదల కనిపించలేదు. అది చదువుతున్నప్పుడు నాకు మా పావలాలు గుర్తుకువచ్చాయి. అయితే కూలితోనే పొయ్యి వెలిగే ఇంట పుట్టినవాడిని, డబ్బు చెడ్డదని నేననలేను. పనికంటే ముందు అది కళ్లకు అడ్డం నిలవడమే చిక్కు.

నన్ను మళ్లీ రాట్నం దగ్గర కూర్చోబెట్టింది ఉపదేశం కాదు. ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే అమ్మ భుజానికి ఉప్పుకాపడం పెట్టుకుంటున్నది. నేను పాడుచేసిన చీరకు ఆ చేయి ఎన్నిసార్లు తిరిగిందో అప్పుడు మొదటిసారి లెక్కపెట్టుకున్నాను. మరునాడు అడగకుండానే వెళ్లాను. నాయన నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని, నేను చుట్టిన కండెలోని దారం బొమ్మలో ఎక్కడ ఒదుగుతుందో చూపించాడు. ఏనుగు కన్ను నా కండెలోనిదే. ఆ సాయంత్రం దాకా నేను లేవలేదు.

మా అమ్మ భుజం వంటి భుజమే మరొక కొడుకును ఏళ్లకు ఏళ్లు నడిపించింది. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చిన్నతనంలోనే బడి మానినవాడు. తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక 1992లో ఆసు పోసే యంత్రం కోసం ప్రయత్నం ఆరంభించాడు. డబ్బు చాలలేదు, హైదరాబాదు వెళ్లి కూలికి పనిచేస్తూ, మిగిలిన దానితో ఒక్కొక్క భాగం చేయించుకున్నాడు. 1999లో యంత్రం పూర్తయింది. దానికి తల్లి పేరే పెట్టాడు: లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని ఒకటిన్నర గంటలోకి వచ్చింది. 2017లో ఆయనను పద్మశ్రీ వరించింది. కానీ 1992లో ఆ ఇంట ఎవరూ పద్మశ్రీని కలగని ఉండరు.

మా ఊరికి ఆ యంత్రం వచ్చిన నాడు నేను అమ్మను చూడటానికి తీసుకువెళ్లాను. ఆమె అప్పటికే ఆసు మానేసింది. దారం దానంతట అదే మేకుల మీదుగా సాగిపోతుంటే నమ్మలేనట్లు చూస్తూ నిలబడింది. కొంగు కింద ఆమె కుడిచేయి మాత్రం, తనకు తెలియకుండానే, అటూ ఇటూ కదులుతున్నది.