ఎండ వాటా

ఎండకు వాటా ఇవ్వడం మా అనంతపురంవాళ్ళకు కొత్తకాదు. చెరువులో నీళ్ళయినా, చేలో చెనిక్కాయ అయినా అది తీసుకోగా మిగిలిందే మనది. అందుకే మొన్న మా బావమరిది బెంగుళూరునుంచి తెచ్చిన 'అమృత్ ఇంటర్మీడియట్ షెర్రీ' విస్కీ సంగతి ఆసక్తిగా విన్నాను.

మొలకెత్తించిన బార్లీతో కాచిన ఈ సరుకును మధ్యలో కొంతకాలం, స్పెయిన్ దేశపు షెర్రీ అనే ద్రాక్షమద్యం మాగిన పీపాలలో ఉంచుతారు. పేరు అందుకే. స్కాట్లండు చలిలో పీపానుంచి ఏడాదికి నూటికి 2 పాళ్ళు ఆవిరైతే, బెంగుళూరులో 10 నుంచి 12! అయితేనేం, మాగడం కూడా అంత త్వరగానే.

ఘాటు 57.1 శాతం. తొలి గుక్కకు నాలుక చుర్రుమంది, రుచి అందలేదు. నాలుగు చుక్కల నీళ్ళు కలిపాను. అప్పుడు విచ్చుకున్నాయి—ఎండుద్రాక్ష, కమలాతొక్క, ముదురుపాకం వాసనలు.

"ఎట్లుంది బావా?"

"దీని దగ్గర ఎండ వాటా తీసుకుని బదులిచ్చిందిరా. మంచి సరుకే" అన్నాను.

గ్లాసు పక్కన పెట్టాను. ఊడలు దిగే వేళకు ఆ నాలుగు చుక్కలే మా చేలో పడలేదు ఈ ఏడు.