స్పెషల్ బీఎడ్: మా ఇద్దరి లెక్క

ఈ మధ్య నలుగురు చెల్లెళ్లు ఒకటే మాట అడిగిండ్రు: "అక్కా, స్పెషల్ బీఎడ్ చేస్తే పైసలు వస్తయా?" ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నం.

మేము ఇద్దరం అక్కచెల్లెళ్లం. మహబూబాబాద్ జిల్లా తండా నుంచి వచ్చి కొండాపూర్‌లో ఒక రూములో ఉంటున్నం. పెద్దది మాదాపూర్‌లో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తది. చిన్నది సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్‌లో 13,000 జీతం వదిలేసి కోర్సులో చేరింది. చదివింది ఒకరు, రూము కిరాయి కట్టింది ఇంకొకరు. అందుకే ఈ లెక్క ఇద్దరిదీ.

ఈ కోర్సే ఎందుకంటే మా చిన్నాన్న కొడుకు. వాడు ఐదో తరగతి దాకా చివరి బెంచీలోనే కూర్చున్నడు. "వానికి బుర్ర లేదు" అన్నరు. ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి, బడిలో తెలుగు. దానికి తోడు వానికి ఒక చెవి సరిగ్గా వినపడదని తేలేసరికి పదకొండేళ్లొచ్చినయి. భాష రాకపోవడం వేరు, వినికిడి లోపం వేరు, బుద్ధిమాంద్యం వేరు. ఈ మూడింటినీ విడదీసి చూసే మనిషి ఆ బడిలో ఒక్కరు కూడా లేకపోయిరి.

ఇక పైసల సంగతి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తది కదా, ఖర్చేముంటది అనుకున్నం. అక్కడే దెబ్బ తిన్నం. అసలు ఖర్చు ఫీజు కాదు, రెండేళ్లు రాని జీతం. 13,000 చొప్పున 24 నెలలకు 3,12,000. బస్సు పాసులు, రికార్డులు, బోధనా సామగ్రి, పరీక్ష ఫీజులు, ప్రాక్టీసు బళ్లకు తిరుగుడు కలిపి 62,000. చివర్లో రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదని కాలేజీ (పేరు వద్దులెండి) సర్టిఫికెట్లు ఆపింది. రెండు రూపాయల వడ్డీకి 28,000 తెచ్చి కట్టి విడిపించుకున్నం. మొత్తం 4,02,000.

మొదటి ఉద్యోగం కొండాపూర్‌లోనే ఒక థెరపీ సెంటర్‌లో, జీతం 18,000. కౌంటర్‌లోనే ఉండి ఉంటే ఈపాటికి 15,000 అయ్యేది. అంటే డిగ్రీ తెచ్చింది నెలకు 3,000. ఆ లెక్కన పెట్టింది తిరిగి రావడానికి 134 నెలలు, పదకొండేళ్ల పైమాటే. ఆ రాత్రి కాగితం మీద ఇది వేసుకుని ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలే.

ఇంకో లెక్క కూడా వేసినం. ఆ సెంటర్ తల్లిదండ్రుల దగ్గర 45 నిమిషాలకు 700 తీసుకుంటది. చిన్నది రోజుకు ఏడుగురు పిల్లలతో కూర్చునేది. నెలకు 24 రోజులు పట్టినా 1,17,600. అందులో మా చేతికి వచ్చేది 18,000. కిరాయిలు, కరెంటు, ఇతర జీతాలు వాళ్లకూ ఉంటయి, కాదనం. అయినా బేరమాడొచ్చని మాకు అప్పుడు తెల్వదు. వచ్చే పిల్లలు ఎక్కువగా గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ టవర్లలో పనిచేసేటోళ్ల పిల్లలు. మూడేళ్ల బాబుకు మాట రాలేదని తెలిసిన నెలలోపే ముగ్గురు నిపుణులు కూర్చుంటరు. మంచిదే. మన తండా పిల్లగాడు మాత్రం పదకొండేళ్లు ఆగిండు.

ఏడాది తర్వాత ఇదే ఏరియాలో ఒక సీబీఎస్‌ఈ బడిలో 26,000కు దొరికింది. ఇప్పుడు తేడా 11,000, మూడేళ్లలో తీరొచ్చు. ఈ జీతానికి కారణం డిగ్రీ ఒక్కటే కాదు. ఆర్‌సీఐ నంబర్, ఏడాది అనుభవం, ఇంగ్లిషులో రిపోర్టు రాయగలగడం. ఆఖరిది కాలేజీలో ఎవరూ నేర్పలే, రాత్రిళ్లు పెద్దది కూర్చోబెట్టి నేర్పింది.

సర్కారు కొలువు సంగతి. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్‌జీటీలు 796. 33 జిల్లాలకు 220 పంచితే జిల్లాకు ఏడు కూడా రావు. అందులో ఎస్టీ వాటా పది శాతం ఎంతో మీరే చూసుకోండి. జీతం మాత్రం వేరే లోకం: 2020 పీఆర్సీలో స్కూల్ అసిస్టెంట్ మూలవేతనమే 42,300తో మొదలు, ఎస్‌జీటీకి 31,040. సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో రజనీశ్ కుమార్ పాండే కేసులో ప్రైమరీలో పది మంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు స్పెషల్ టీచర్ ఉండాలన్నది. 2025 మార్చిలో పోస్టులు లెక్కగట్టి ప్రకటించమని రాష్ట్రాలకు మళ్లీ చెప్పింది. ఆశ పెట్టుకోవచ్చు, దాని మీద అప్పు మాత్రం తేవద్దు.

ఇంటర్ అయిపోయిన చెల్లెళ్లు ముందు డి.ఎడ్ స్పెషల్ చూడండి. ఎస్‌జీటీ పోస్టులు దానికి, పైన అంకెలే చెప్తున్నయి. డిగ్రీ అయినోళ్లు చేరే ముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ ఏడాదికి ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఆ నంబర్ రాకపోతే పట్టా ఉన్నా స్పెషల్ టీచర్‌గా చెల్లదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ 1984 నుంచి ఉన్నది. ఇదే నగరంలో ఉండి కూడా ఆ సంగతి మాకు చేరినంక తెలిసింది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తున్నది. మా మండలం భవిత కేంద్రంలో కాంట్రాక్టు పోస్టు పడితే పోతనంటది చిన్నది. అప్పు తీరేదాక కదలొద్దంటది పెద్దది. యాడిని అడిగితే "మీ ఇష్టం బిడ్డా, చిన్నోడు మాత్రం రోజూ అడుగుతున్నడు" అన్నది. పండగకు తండా పోయినప్పుడు వాడు చిన్నదాని పక్కనే కూర్చుని, వినపడే చెవి ఇటు తిప్పి, నాలుగు వాక్యాలు తెలుగులో చదివిండు. వచ్చే నెల జీతం పడ్డంక మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటం.