ఒక రోజుకు ఒక ఊరు

అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయంలో తన ప్రయాణ ప్రణాళిక చెప్పుకున్నాడు. యెరూషలేములో పని ముగించుకొని, రోము మీదుగా స్పెయిను వెళ్లాలని ఆయన కోరిక. వేదాంత కళాశాలలో ఆ అధ్యాయం చదువుకున్న రోజుల్లో స్పెయిను నాకు గోడ మీది పటంలో పడమటి అంచున ఒక రంగు ముక్క, అంతే. ఆ దేశంలో మా అమ్మతో కలిసి ఒక వారం గడిపే అవకాశం 2024 ఏప్రిల్‌లో కలిగింది. అక్కడ చూసిన ఊళ్ల గురించి, వాటితోపాటు నేను చేసిన పొరపాటు గురించి కూడా పాఠకులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మా చెల్లెలు ఇంగ్లండులో నర్సు. నాలుగేళ్లుగా అమ్మను చూడలేదు. "వారం సెలవు దొరికింది అన్నయ్యా. స్పెయిను దక్షిణ తీరంలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అమ్మను తీసుకొని నువ్వూ రా" అని ఫోను చేసింది. అమ్మకు 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా కూతుర్ని చూడవచ్చని మారు మాట్లాడకుండా బయలుదేరింది. ఆమె పెట్టెలో సగం ఆవకాయ, సున్నుండలే.

మేము దిగిన ఊరి పేరు టొర్రెమొలినోస్. మాలగా నగరానికి నైరుతి దిక్కున సుమారు 14 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు చేపలు పట్టేవారి పల్లె. 1950లలో పెద్ద హోటళ్లు మొదలయ్యాక ఊరి రూపమే మారిపోయింది. ఆ తీరాన్ని 'కోస్టా డెల్ సోల్' అంటారు, అంటే సూర్యతీరం. ఆ ఊళ్లో సముద్రం తప్ప చూడదగినవి తక్కువే. కాని పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రాదగిన ఊళ్లు చుట్టూ ఎన్నో ఉన్నాయి. అందుకే చాలామంది అక్కడ మకాం పెట్టి రోజుకొక దిక్కుకు వెళ్లి వస్తుంటారు.

యువజన శిబిరాలకు, మహాసభలకు కార్యక్రమ పట్టికలు వేసీ వేసీ నాకు అది అలవాటైపోయింది. ఇంటి దగ్గరే ఒక పట్టిక తయారు చేసుకున్నాను. సోమవారం మాలగా, మంగళవారం రోండా, బుధవారం గ్రనాడా, గురువారం సెవిల్యా, శుక్రవారం జిబ్రాల్టర్, శనివారం కోర్డోబా. మళ్లీ ఈ జన్మలో వస్తామో రామో, ఒక్కటీ వదలకూడదు అనుకున్నాను. మా బావగారు ఆ కాగితం చూసి నవ్వి, "బావగారూ, ఇందులో అన్నం తినడానికి టైము ఎక్కడుంది?" అన్నారు. నేను పట్టించుకోలేదు.

మొదటి రోజు సుఖంగానే జరిగింది. టొర్రెమొలినోస్ నుంచి మాలగాకు ఇరవై నిమిషాలకొక లోకల్ రైలు ఉంది. మాలగా చాలా పాత ఊరు. క్రీస్తుకు పూర్వమే ఫొనీషియా వర్తకులు, అంటే తూరు, సీదోను ప్రాంతాలవారు, అక్కడ స్థిరపడ్డారు. కొండ మీద అరబ్బుల కాలపు కోట, దాని పాదం దగ్గరే 1951లో బయటపడిన రోమీయుల నాటకశాల ఉన్నాయి. చిత్రకారుడు పికాసో 1881లో పుట్టిన ఇల్లు కూడా దగ్గరే. అక్కడి కెథడ్రల్‌కు రెండు గోపురాలు కట్టదలచి ఒకటే పూర్తి చేశారు. 1782లో పని ఆగిపోయింది. ఊరివాళ్లు దానిని ముద్దుగా 'ఒంటి చేతి అమ్మ' అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. "మన ఊరి చర్చి గోపురం లాగే డబ్బులు చాలలేదన్నమాట" అంది అమ్మ.

రెండవ రోజు రోండా. సముద్ర తీరం నుంచి కొండల మీదికి యాభై కిలోమీటర్ల మెలికల దారి. అమ్మకు బస్సు పడదు. నిమ్మకాయ వాసన చూసుకుంటూ కళ్లు మూసుకొని కూర్చుంది. దిగిన తరువాత అరగంట కూర్చోబెట్టవలసింది. నేను అలా చేయలేదు. మూడు గంటల బస్సుకు తిరిగి రావాలని తొందరపెట్టాను.

రోండా ఊరిని ఒక లోయ రెండుగా చీల్చింది. దాని మీద ఉన్న రాతి వంతెన ఎత్తు 98 మీటర్లు. పక్క గోడ పట్టుకొని కిందికి చూస్తే గుండె జారుతుంది. ఈ వంతెనకు ఒక కథ ఉంది. 1735లో అక్కడ ఒక వంతెనను ఎనిమిది నెలల్లో కట్టేశారు. ఆరేళ్లకే, 1741లో, అది కూలి సుమారు యాభైమంది చనిపోయారు. తరువాతి వంతెనకు ముప్పై ఏళ్లకు పైగా పట్టింది. 1793లో పూర్తయిన ఆ వంతెన మీదనే నేటికీ జనం నడుస్తున్నారు. తొందరపాటు గురించి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ ప్రసంగంలోనూ దొరకదు. ఆ కథ అమ్మకు వివరంగా చెప్పి, వెంటనే "ఇక పద, టైమవుతోంది" అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

మూడవ రోజు గ్రనాడా. అక్కడి అల్‌హంబ్రా కోట గురించి వినని యాత్రికుడు ఉండడు. ముస్లిం సుల్తానుల రాజభవనాలు, పన్నెండు రాతి సింహాలు మోసే నీటి తొట్టి అక్కడే ఉన్నాయి. 1492 జనవరి 2న ఆ కోట ఫెర్డినాండ్, ఇసబెల్లా రాజదంపతుల వశమైంది. ఎవరి మతం వారు పాటించుకోవచ్చని లొంగుబాటు ఒప్పందంలో మాట ఇచ్చారు. పదేళ్లు తిరిగేసరికి ఆ మాట తప్పారు. అదే సంవత్సరం మార్చి 31న యూదులను దేశం విడిచి పొమ్మని ఉత్తరువు రాసింది కూడా ఆ కోటలోనే. క్రీస్తు పేరు చెప్పుకొని చేసిన ఈ పనులు చదివితే ఒక క్రైస్తవుడిగా తల దించుకోవలసి వస్తుంది.

ఆ రాజభవనాలకు టికెట్టు మీద వేసిన అరగంటలోనే లోపలికి వెళ్లాలి. టికెట్లు పేరు మీద ఇస్తారు, పాస్‌పోర్టు చూపాలి. చాలా రోజుల ముందే అయిపోతాయి. మాకు పదకొండు గంటలకు ఇచ్చారు. నేను మాలగాకు రైలు, అక్కడి నుంచి గ్రనాడాకు బస్సు లెక్క వేశాను కాని, బస్‌స్టాండు నుంచి కొండ మీదికి మళ్లీ సిటీ బస్సులు మారాలన్నది లెక్క వేయలేదు. మేము ద్వారం దగ్గరకు చేరేసరికి పన్నెండు కావస్తోంది. అక్కడి ఉద్యోగి మా టికెట్టు మీది సమయాన్ని వేలితో చూపి తల అడ్డంగా ఊపాడు. అతని తప్పేమీ లేదు. నేనే కోపంతో చెల్లెలి మీద విరుచుకుపడ్డాను. "నువ్వు పొద్దున టిఫిను దగ్గర ఆలస్యం చేయకపోతే సరిపోయేది" అన్నాను. అది న్యాయం కాదని అన్న క్షణంలోనే తెలుసు.

ఆమె ఏమీ అనలేదు. అమ్మను చెట్టు నీడన బల్ల మీద కూర్చోబెట్టి, చెప్పులు విప్పి, వాచిన పాదాలు ఒళ్లో పెట్టుకొని ఒత్తడం మొదలుపెట్టింది. అదే టికెట్టు మీద కోట బురుజులు, తోటలు చూడవచ్చు కనుక నేను, బావగారు, మేనకోడలు వెళ్లాం. గంటన్నర తరువాత తిరిగి వస్తే తల్లీ కూతుళ్లు అదే బల్ల మీద పెరుగన్నం తింటూ మాట్లాడుకుంటున్నారు. చెల్లెలి కళ్లు తుడుచుకున్నట్టున్నాయి, ముఖం మాత్రం తేలికపడి ఉంది. నన్ను చూసి అమ్మ అంది: "ఇవాళ్టికి దాన్ని తనివితీరా చూసుకున్నాను నాయనా. నాలుగేళ్ల కబుర్లు ఈ బల్ల మీద అయినాయి."

మా అమ్మ స్పెయినుకు వచ్చింది కూతురి కోసం. మూడు రోజులుగా నేను వారిద్దరికీ ఒక గంటైనా మిగల్చలేదు. తిరుగు బస్సులో చెల్లెలికి క్షమాపణ చెప్పుకున్నాను. రాత్రి ఆ పట్టిక తీసి సెవిల్యా, జిబ్రాల్టర్ రెండూ కొట్టేశాను.

గురువారం ఎక్కడికీ వెళ్లలేదు. అమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని సముద్రంలో పాదాలు తడుపుకుంది. శుక్రవారం మాలగాకు తూర్పున ఉన్న నెర్హా వెళ్లాం. ఆ ఊరి దగ్గర ఒక పెద్ద గుహను 1959లో అయిదుగురు కుర్రవాళ్లు కనుగొన్నారు. లోపల సున్నపురాయి కారి కారి ఏర్పడిన ఒక స్తంభం 32 మీటర్లు ఉంటుంది. మెట్లు ఎక్కువ కనుక మేము ముగ్గురం గుహకు వెళ్లాం. అమ్మ, చెల్లెలు ఊళ్లో సముద్రానికి ఎదురుగా ఉన్న 'యూరప్ బాల్కనీ' అనే విశాలమైన వేదిక మీద కూర్చున్నారు. ఎవరికి కావలసినది వారికి దొరికింది.

శనివారం కోర్డోబా. మాలగా నుంచి వేగంగా నడిచే రైలులో గంట ప్రయాణం. అక్కడి పెద్ద మసీదును 8వ శతాబ్దంలో మొదలుపెట్టి రెండు వందల ఏళ్లపాటు పెంచుతూ వచ్చారు. 856 స్తంభాలు, వాటి మీద ఎరుపు, తెలుపు చారల కమానులు, రాతితో చేసిన ఖర్జూరపు తోటలా ఉంటుంది. 1236లో ఊరు క్రైస్తవ రాజుల చేతికి వచ్చాక అది చర్చి అయింది. 16వ శతాబ్దంలో నడిమధ్యన స్తంభాలు తొలగించి కెథడ్రల్ కట్టారు. "ఇది మసీదా, చర్చా?" అని అడిగింది అమ్మ. "రెండూనమ్మా" అన్నాను. కాసేపు చూసి, "ఎవరు కట్టినా ప్రార్థనకే కట్టారు" అంది. ఆ రోజు మరి ఏ కట్టడమూ చూడలేదు. నది ఒడ్డున రోమీయుల వంతెన దగ్గర చీకటి పడేదాకా కూర్చున్నాం.

మీలో ఎవరైనా పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్లి ఇటువంటి యాత్రలు తలపెడితే నాలుగు మాటలు గుర్తుంచుకోండి. రోజుకు ఒక ఊరు చాలు. రెండు రోజులు తిరిగితే ఒక రోజు ఆగండి. దూరాన్ని ఇంటి గుమ్మం నుంచి చూడవలసిన చోటి గుమ్మం దాకా లెక్క వేయండి, ఊరి నుంచి ఊరికి కాదు. ఆ దేశంలో మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసేస్తారు, రాత్రి భోజనం తొమ్మిది దాటాకనే. కనుక పెద్దవారికి, పిల్లలకు అన్నం డబ్బా వెంట ఉండాలి. కోర్డోబాలో వేసవి ఎండ మన రెంటచింతల ఎండతో పోటీపడుతుంది కనుక ఏప్రిల్ దాటకముందే వెళ్లండి. అన్నిటికంటే ముఖ్యం, మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేవారి అడుగును బట్టి పట్టిక వేయండి.

ఇంటికి వచ్చాక రోమా పత్రిక 15వ అధ్యాయం మళ్లీ తీశాను. స్పెయినుకు వెళ్లే దారిలో రోములోని సహోదరుల మధ్య కొంతకాలం ఉండి, వారి సహవాసంతో తృప్తి పొందాలని కూడా పౌలు అక్కడే రాశాడు. ఇన్నేళ్లు ఆయన ప్రణాళికలో నాకు ఊళ్ల పేర్లే కనబడ్డాయి. మనుషుల కోసం ఆయన ఉంచుకున్న రోజులు కనబడలేదు.