రాతి వేణువు... ఊగే స్వరం

రామప్ప గుడి అనగానే ఏం గుర్తొస్తుంది? నీళ్లలో తేలే ఇటుకలు, నల్లరాతి మదనికలు, పిలిస్తే లేచొచ్చేలా ఉండే నంది! మా ఇంట్లో మాత్రం ఇప్పుడు ఆ పేరు చెబితే కీబోర్డు గుర్తొస్తుంది. గుడికీ కీబోర్డుకీ ఏం సంబంధం అంటారా? అదే చెప్పబోతున్నా.

మా నాన్న వేణువు వాయించేవారు. కచేరీలు చేసిన విద్వాంసుడేం కాదు. కానీ ఊళ్లో భజన అంటే ఆయన ఉండాల్సిందే. ఆయాసం మొదలయ్యాక ఊదడం మానేశారు. వేణువు గూట్లోకి చేరింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి, తాతయ్య వాయించిన పాటల్ని కీబోర్డు మీద వినిపించాలనుకుంది. 'ఫ్లూట్' మీట నొక్కి వాయించింది. ఆయన విన్నారు, నవ్వారు, ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే దానికి కష్టమనిపించింది.

'ఏం తక్కువైంది తాతా?' అని పట్టుబడితే అప్పుడు చెప్పారు.

'స్వరం పుట్టంగనే వణుకుతాంది బిడ్డా. ఉయ్యాల ఎక్కంగనే ఎవరన్న జోరుగ ఊపుతరా? ముందు నిలబెట్టాలె. అటెన్క మెల్లగ ఊపాలె.'

ఆ మాట బుర్రలో తిరుగుతుండగానే సంక్రాంతి సెలవుల్లో అందరం పాలంపేట బయల్దేరాం.

రాయి పలికే చోటు

ఒకప్పటి వరంగల్ జిల్లాలోని పాలంపేట ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. చెక్కిన శిల్పి పేరుతోనే పిలవడం దీని ప్రత్యేకత. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

లోపల స్తంభాల నిండా నర్తకులు, మద్దెల వాయించేవాళ్లు. గణపతిదేవుడి కొలువులోని జాయపసేనాని 'నృత్తరత్నావళి' రాశాడు. ఆ గ్రంథాన్నీ, ఈ శిల్పాల్నీ దగ్గర పెట్టుకునే నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. రాతిలో నిలిచిపోయిన అడుగుల్ని మనుషుల కాళ్లకు తిరిగిచ్చారన్నమాట!

గర్భాలయ ద్వారం దగ్గర చిన్న వేణుగోపాలుడు ఉన్నాడు. ఆ శిల్పాన్ని తడితే సరిగమలు పలుకుతాయని గైడ్లు చెబుతుంటారు. మాకూ ఒకాయన వేలితో సుతారంగా తట్టి వినిపించాడు. టంగుమని లోహం మోగినట్టు మోగింది. మా అమ్మాయి కళ్లు విప్పార్చుకుని వింది. నాన్న మాత్రం తల పంకించి 'పలికింది గానీ ఊగలేదు' అన్నారు.

నిజమే కదా! రాయిని తడితే పుట్టిన క్షణంలోనే శబ్దం గట్టిగా ఉంటుంది. ఆ తర్వాత తగ్గిపోవడమే. పుట్టిన స్వరాన్ని పట్టి నిలిపి, పోనుపోనూ ఊపు పెంచడం ఊపిరికే సాధ్యం. అన్నట్టు, ఎనిమిది వందల ఏళ్లు దాటిన రాయిని వెళ్లిన వాళ్లంతా తట్టి చూడాల్సిన పనిలేదు. కళ్లతో చూసినా చాలు.

కంపితం లెక్కలు

స్వరం ఇలా పైకీ కిందికీ ఊగడాన్ని పాశ్చాత్యులు వైబ్రేటో అంటారు. పాటగాళ్ల గొంతులో సాధారణంగా సెకనుకు ఐదారుసార్లు ఊగుతుంది. మనవాళ్లు ఈ సంగతి ఎప్పుడో లెక్కగట్టారు. ఈ గుడి కట్టిన శతాబ్దంలోనే దేవగిరిలో శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం' రాశాడు. అందులో పదిహేను గమకాలు చెప్పి, కొన్నింటిని ఊగే వేగాన్ని బట్టే విడదీశాడు. తిరిపం బాగా వేగం. స్ఫురితం, కంపితం, లీనం, ఆందోళితం వరసగా ఒకదానికన్నా ఒకటి నెమ్మది.

సింథసైజర్లో ఈ పని చేసేది ఎల్ఎఫ్ఓ. అంటే స్వరాన్ని నెమ్మదిగా ఊపే ఒక అల. అది ఎంత వేగంగా ఊపాలో 'రేటు', ఎంత దూరం ఊపాలో 'డెప్త్', ఎప్పుడు మొదలెట్టాలో 'డిలే' చెబుతాయి. చాలా కీబోర్డుల్లో మొదటి నుంచీ ఒకే కొలతతో ఊగేలా పెట్టి ఉంటుంది. నాన్నకు నచ్చనిది అదే! డిలే పెంచితే స్వరం కాసేపు నిలబడుతుంది. కానీ తర్వాత ఊపు ఒక్కసారిగా మీద పడకూడదు. అందుకే ఎడమచేతి వైపుండే మాడ్యులేషన్ చక్రాన్ని మెల్లగా పైకి తిప్పాలి. కంప్యూటర్లో అయితే 0 నుంచి 127 దాకా ఉండే ఆ విలువను ఏటవాలు గీతలా గీసుకోవచ్చు.

ఇలా పెంచుకుంటూ పోతే ఏమవుతుందో తెలుసా? 1967లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ ఆ పనే చేశారు. వైబ్రేటో వేగం, లోతు బాగా పెంచేసరికి చెవికి ఊపు వినిపించడం మానేసి, సరికొత్త ధ్వని వినిపించింది! అదే ఎఫ్ఎం సింథసిస్. దాని ఆధారంగా యమహా కంపెనీ 1983లో తెచ్చిన డీఎక్స్7 ప్రపంచ సంగీతాన్నే మార్చేసింది.

చెరువు గట్టున

సాయంత్రం రామప్ప చెరువు గట్టున కూర్చున్నాం. మా అమ్మాయి ముందురోజు రాత్రి గీతలు గీసి సిద్ధం చేసుకున్న పాటను ఫోన్లో పెట్టి, ఇయర్‌ఫోన్లు తాతయ్య చెవుల్లో పెట్టింది. నాలుగు లెక్కల స్వరం. మొదటి లెక్క కదలకుండా, రెండో లెక్కలో చిన్నగా, నాలుగో లెక్కకు నిండుగా ఊగేలా పెట్టిందట.

నాన్న కళ్లు మూసుకున్నారు. ఆయన వేళ్లు మోకాలి మీద, లేని వేణువు రంధ్రాల్ని మూస్తూ తెరుస్తూ కదిలాయి. పాట అయ్యాక మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూస్తోంది.

'ఇప్పుడు నయం. కానీ అన్ని స్వరాలూ ఒక్క తీరుగ ఊగుతున్నయ్. రాగాన్ని బట్టి ఊపు మారాలె బిడ్డా. గీతలు గాదు, చెయ్యితోటి తిప్పు. నేను చెప్త' అన్నారు.

ఆయాసం వచ్చాక ఆయన పాట గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదలు. ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఇంట్లో పాఠమే. కుడిచెయ్యి స్వరం మీద, ఎడమచెయ్యి చక్రం మీద. వేణువు కూడా గూట్లోంచి దిగి కీబోర్డు పక్కకు చేరింది!

ఎలా వెళ్లాలంటే: పాలంపేట వరంగల్‌కు దాదాపు 70 కిలోమీటర్లు, హైదరాబాద్‌కు 200 కిలోమీటర్ల పైచిలుకు. ములుగు, వెంకటాపూర్ మీదుగా రోడ్డు మార్గం ఉంది.