స్టేషనులో అద్దం గోడ

గ్రీసు దేశపు రాజధాని ఏథెన్సులో, సింటగ్మా అనే చోట భూగర్భ రైలు స్టేషను ఒకటి ఉన్నది. ఒకసారి నేను అక్కడ రైలెక్కబోతూ ఒక అద్దం గోడ ముందు నిలబడిపోయాను. ఈలోగా రెండు రైళ్ళు వెళ్ళిపోయాయి.

అద్దం వెనక ఉన్నది మట్టే. కాని అది పొరలు పొరలుగా ఉన్నది. కిందికి పోయినకొద్దీ పాతకాలం. ఒకచోట ప్రాచీనులు నీళ్ళు పారించుకున్న మట్టిగొట్టాలు, మరొకచోట ఒక సమాధి, అందులో ఎముకలు!

రైలు వేస్తూ ఇవన్నీ ఎలా కాపాడారు? సొరంగం చాలా లోతున పోతుంది. అంత లోతున ఎవరూ కాపురం ఉండలేదు కనక అక్కడ చిక్కు తక్కువ. కాని స్టేషనుకూ, మెట్లకూ నేల పైనుంచే తవ్వాలి గదా! అటువంటి చోట్ల ముందుగా పురావస్తు పరిశోధకులు దిగి, చిన్న తాపీలతో, కుంచెలతో మట్టి తీశారు. 1992లో ఆరంభమైన పని ఇది. మొదటి రైళ్ళు 2000 జనవరిలో గాని నడవలేదు.

ఆ పనుల్లోనే, 1994-95లో, కెరమెయికోస్ అనే పాత శ్మశానం పక్కన ఒకే గోతిలో ఎందరివో ఎముకలు బయటపడ్డాయి. వాళ్ళు క్రీ.పూ. 430లో ఏథెన్సులో చెలరేగిన మహమ్మారికి చనిపోయినవారని పరిశోధకులు తేల్చారు. వారిలో సుమారు పదకొండేళ్ళ పిల్ల ఒకతె ఉన్నది. అసలు పేరు తెలియదు కనక ఆమెకు మిర్టిస్ అని పేరు పెట్టారు. పుర్రెను ఆధారం చేసుకుని ఆమె ముఖాన్ని తిరిగి రూపొందించి, 2010లో అందరికీ చూపారు. ఆ ముఖం చూస్తే, మీ తరగతిలో మీ పక్కన కూచునే పిల్లలాగే ఉంటుంది. యంత్రం ఒక్క పూట తొందరపడి ఉంటే, ఆమె మట్టిలో మట్టి అయిపోయేది.

ఆ అద్దం ముందు నాకు మా ఊరు జ్ఞాపకం వచ్చింది. నా చిన్నతనంలో మా ఊరికి రోడ్డు వేస్తూ, చెరువుగట్టు మీది శాసనపు రాయిని పగలగొట్టి కంకరలో కలిపేశారు. సమ్మెట దెబ్బ పడినప్పుడల్లా మేము పిల్లలం చప్పట్లు కొట్టాం. దానిమీద ఏమి రాసి ఉన్నదో ఇక ఎవరూ చదవలేరు.

రోడ్డు మంచిదే. దానిమీద వచ్చిన బస్సులోనే నేను హైస్కూలుకు వెళ్ళాను. కాని ఆ రాయిని నాలుగు బారల అవతల నిలబెట్టినా బస్సు వచ్చేదే! ఈ చిన్న సంగతి నాకు తట్టటానికి ఇన్నేళ్ళు పట్టింది.

మీ ఊళ్ళో తవ్వకాలు జరిగేచోట చెక్కిన రాయి గాని, పాత కుండపెంకు గాని కనిపిస్తే, మాలాగా చప్పట్లు కొట్టకండి. పరుగెత్తుకు వెళ్ళి మీ మాస్టరుగారితో చెప్పండి.